చివరన నిల్చున్నవాడి మొహం

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో నా పటాల అంగడి, మల్లికార్జునయ్య ఫోటో స్టూడియో పక్కపక్కనే ఉండేవి. నడుమ ఒక్క గోడే అడ్డం. ఆయన ఫోటో తీసేవాడు, నేను దానికి చట్రం కట్టేవాణ్ణి. ఊళ్లో పెళ్లి జరిగినా, షష్టిపూర్తి జరిగినా, జనం ముందు ఆయన గడప తొక్కి ఆ తర్వాత నా గడప తొక్కాల్సిందే. నా పేరు సోమప్ప. నా గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు. చెప్పాల్సింది ఆయన గురించి.

మల్లికార్జునయ్య కలుపుగోలు మనిషి కాదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమోనని భయపడే రకం. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక ఉన్నంతసేపూ ఎదుటి మనిషిని తినేసేలా చూసేవాడు, కదిలితే కసిరేవాడు. గుడ్డ తీసి బయటికి వచ్చాక అదే మనిషితో నేలచూపులు చూస్తూ మాట్లాడేవాడు. అయినా జనం ఆయన దగ్గరికే పోయేవాళ్లు. ఇటు కోసిగి, అటు ఆలూరు, ఆస్పరి దాకా వెతికినా అంత నిదానంగా పని చేసేవాడు మరొకడు దొరకడు మరి.

ఆయనది ఎమ్మిగనూరు. మగ్గం నేసే ఇల్లు. అప్పట్లో మాది బళ్ళారి జిల్లా. పడుచుతనంలో ఆయన బళ్ళారి దండులో, అంటే పటాలం ఉండే పేటలో, ఒక దొర నడిపే ఫోటో స్టూడియోలో పనికి చేరాడు. ఫోటో పడే గాజు ప్లేట్లు కడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టి పనంతా నేర్చుకున్నాడు. దొర తన దేశం వెళ్లిపోతూ పాత కెమెరాను ఈయనకు వదిలిపోయాడు. దానితోనే ఆదోనిలో అంగడి తెరిచాడు.

ఆయన దగ్గర రెండు లెన్సులు ఉండేవి. మా వాళ్లు వాటిని అద్దాలనే అనేవాళ్లు. ఒకటి దొర ఇచ్చిన కెమెరాతో వచ్చిన పాతది, లావుపాటి ఇత్తడి గొట్టంలో కూర్చినది. దానికి వెలుతురు తగ్గించే రేకులు ఉండాలట. అవి బళ్ళారిలోనే ఎప్పుడో పోయాయి. రెండోది జర్మనీ దేశంలో చేసినది. ఎమ్మిగనూరులో తన వాటాకు వచ్చిన మగ్గాన్ని తమ్ముడికి అమ్మేసి, మద్రాసు పోయి దాన్ని తెచ్చుకున్నాడు. "మగ్గం అమ్మి అద్దం కొన్నాడు, రేపు ఇల్లు అమ్మి దువ్వెన కొంటాడు" అని వీధిలో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

కొత్త లెన్సు వచ్చిన నాడు ఆయన చేసిన పని నాకు బాగా గుర్తుంది. వాళ్ల ఇంట్లోనే నేసిన సన్న గళ్ల దుప్పటి ఒకటి తెచ్చి, ఎక్కడా ముడత లేకుండా గోడకు బిగించి మేకులు కొట్టాడు. పాత లెన్సుతో ఒక ప్లేటు తీశాడు. కెమెరాను జరపకుండా, లెన్సు మాత్రం మార్చి ఇంకోటి తీశాడు. రెండూ కడిగి ఆరబెట్టి, నన్ను పిలిచి, భూతద్దం చేతికిచ్చాడు.

"నడుమ సూడు" అన్నాడు.

చూశాను. రెండింట్లోనూ పోగులు కనబడుతున్నాయి. పాతదానిలో కాస్త మెత్తగా, పైన పలచటి గుడ్డ కప్పినట్టున్నాయి.

"ఇప్పుడు అంచులు సూడు."

పాతదానిలో అంచుకు పోయేకొద్దీ పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మూలల దగ్గర గళ్లే లేవు, అంతా అలికినట్టు ఉంది. కొత్తదానిలో ఏ మూలకు పోయినా పోగు పోగు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు.

"గుడ్డను నడుమ సూసి మెచ్చేటోడు బేరగాడు సోమప్పా. నేసినోడు అంచు సూస్తాడు. నడుమ ఎవుడైనా నేస్తాడు, అంచు కాడ తెలిసిపోతాది పనితనం" అన్నాడు. అంత పెద్ద మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"అవునన్నా, కానీ ఈడికి వచ్చేటోళ్లు దుప్పట్లు గావు గదా" అన్నాను. ఆయన నవ్వలేదు.

నా మాటలో తప్పేమీ లేదు. వచ్చేవాళ్లకు కావలసింది పోగులు కాదు. మొహం తెల్లగా రావాలి, ముడతలు పోవాలి, మెడలో బంగారు సరుకు కనబడాలి. పాత లెన్సు మొహాన్ని మెత్తగా చూపేది. పెద్ద ఇళ్ల వాళ్లంతా అదే కావాలనేవాళ్లు. కొత్తదానితో తీస్తే ఉన్నదున్నట్టు వచ్చేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. అందుకని మల్లికార్జునయ్య పాతదానికి "కూటి అద్దం" అని పేరు పెట్టాడు. కొత్తది మాత్రం "నా అద్దం". కూటి అద్దంతో పగలంతా పని చేసి, తీరిక దొరికితే తన అద్దంతో గోడలూ గుడ్డలూ తీసుకుంటూ ఉండేవాడు.

యుద్ధం రావడానికి ముందటి ఏడు, దసరాకు బాలకృష్ణయ్య సావుకారి జిన్నింగ్ మిల్లులో ఆయుధపూజ చేశారు. మిషన్లకు కుంకుమ బొట్లు పెట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టాక, మిల్లు మొత్తానికీ కలిపి ఒక ఫోటో తీయాలన్నారు. చట్రం కొలత చూసుకోవడానికి నేనూ పోయాను. మిల్లు ముందు నడుమ కుర్చీలో సావుకారు. అటూ ఇటూ ఆయన అన్నదమ్ములు, అల్లుళ్లు. వాళ్ల పక్కన గుమాస్తాలు. ఆ తర్వాత మిషన్లు నడిపేవాళ్లు. చిట్టచివర, రెండు పక్కలా, దూది బేళ్లు మోసే హమాలీలు. వాళ్లను ఎవరూ అక్కడ నిల్చోమని చెప్పలేదు. వాళ్లంతట వాళ్లే పోయి ఆ చోట నిల్చున్నారు. గుమాస్తా మాత్రం ఒకసారి చెయ్యి ఊపి ఇంకాస్త పక్కకు జరగమన్నాడు.

మల్లికార్జునయ్య కూటి అద్దంతో ఒక ప్లేటు తీశాడు. తర్వాత, ఎవరూ అడగకపోయినా, "ఇంగోటి తీస్తా, కదలొద్దండి" అని తన అద్దం బిగించి మరొకటి తీశాడు. మనుషులందరూ బారుగా ఒక చివర నుంచి ఇంకో చివరదాకా నిల్చుంటే ఆయనకు అది గోడకు కొట్టిన దుప్పటిలా కనబడి ఉండాలి.

కడిగిన ప్లేటు ఆరాక నన్ను పిలిచి మళ్లీ భూతద్దం ఇచ్చాడు. "ఈ చివర హమాలీ మెడలో దారం సూడు. దారానికి తాయెత్తు. తాయెత్తు మీద గీతలు!" అన్నాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. నెగెటివ్‌లో తెల్లనిది నల్లగా, నల్లనిది తెల్లగా ఉంటుంది కాబట్టి నాకు మనుషులెవరో తెలియలేదు. తాయెత్తు మాత్రం తెలిసింది.

రెండింటి నమూనాలూ అచ్చు తీసి సావుకారి దగ్గరకు తీసుకుపోయాం. సావుకారికి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. పాత లెన్సు ఆ గుంతల్ని దాదాపు పూడ్చేసింది. కొత్తది ఒక్కదాన్నీ వదలలేదు.

"ఇదేమి అద్దమయ్యా నీది? నా మొగం మీద గుంతలు ఎంచేదానికి తెచ్చినావా?" అని సావుకారు కొత్తదాన్ని అవతలికి తోసేశాడు. "ఇదో, ఈ మెత్తంగ ఉండేదే కట్టించు. ఆ రెండోది ఉండకూడదు. ఈ పొద్దే తుడిసేయల్ల."

మొహం బాగాలేక అద్దం పగలగొట్టుకున్నట్టు అని నేను లోపల అనుకున్నాను, పైకి అనే ధైర్యం లేదు. మా పక్క పెద్ద ఇళ్లలో ఇదొక పట్టింపు. నచ్చని రూపం పరాయివాడి చేతిలో ఉంటే కీడని నమ్ముతారు. దిష్టి తగులుతుందో, ఎవరైనా చేతబడి చేస్తారో అని భయం. గుమాస్తా వెంట వచ్చి, స్టూడియో పెరట్లో నిల్చుని, కళ్లారా చూసి పోయేది రివాజు. వేడినీళ్లలో చాకలి సోడా వేసి, ప్లేటును నానబెట్టి, మల్లికార్జునయ్య తన చేత్తోనే పైపొరను గీకేశాడు. సావుకారి గుంతలు పోయాయి. ఆయనతోపాటు అందులో ఉన్నవాళ్లందరూ పోయారు. నమూనా కాగితాలు పచ్చివి, మందులో ముంచనివి. వెలుతురు తగిలి నాలుగు నాళ్లలో అవే నల్లబడిపోయాయి. మిగిలిన గాజు నాకు వచ్చింది. నేను దాన్ని కోసి దేవుడి పటానికి వేసి అమ్మేశాను. మెత్తని ఫోటో పెద్ద చట్రంలో మిల్లు కచేరీ గోడకెక్కింది.

తర్వాత యుద్ధం వచ్చింది. మద్రాసు నుంచి ప్లేట్లు రావడం మానేశాయి. వానలూ మానేశాయి. కోసిగి పక్క పల్లెల్లో తిండి లేక జనం మూటలు కట్టుకుని ఎటు పని ఉంటే అటు పోయారు. అస్సాంలో మిలిటరీ వాళ్లకు రోడ్లు వేసే పనికి కూలీలు కావాలని ఒక మేస్త్రి వచ్చి చాలామందిని రైలెక్కించుకుపోయాడు. మల్లికార్జునయ్య స్టూడియో వారంలో సగం రోజులు మూసే ఉండేది. అట్టపెట్టె అడుగున మిగిలిన కొన్ని ప్లేట్లను నల్లకాగితంలో చుట్టి, బంగారంలా దాచుకున్నాడు. ఎవరొచ్చి బతిమాలినా బయటికి తీసేవాడు కాదు.

యుద్ధం ముగిసే ఏడు ఎండాకాలంలో ఒక ఆడమనిషి బిడ్డను చంకనేసుకుని మా గడప ముందు నిల్చుంది. స్టూడియో ఏదో తెలియక ముందు నా అంగడికే వచ్చింది. పేరు హులిగమ్మ. కోసిగి దగ్గర పల్లె. కరువుకు ఊరు విడిచి, ఆదోనిలో చెనక్కాయల మిల్లులో కూలికి వచ్చి ఉంది. మొగుడు బాలకృష్ణయ్య మిల్లులో హమాలీగా చేసేవాడట. ఆయన పేరేమిటని నేను అడిగాను. మొగుడి పేరు ఆమె నోట రాదు కదా, చంకలో ఉన్న బిడ్డను "సెప్పు సుంకులమ్మా, నాయన పేరు సెప్పు" అంది. బిడ్డ వేలు నోట్లో పెట్టుకుని "ఉచ్చీలప్ప" అంది. ఉచ్చీరప్ప అన్నమాట.

మాటలు విని మల్లికార్జునయ్య బయటికి వచ్చాడు.

"అప్పా, మిల్లులో పటం తీసినోడివి నువ్వేనంట గదా" అంది హులిగమ్మ.

"అవును."

"ఈ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు పోయినాడు అస్సాముకు. మా ఊరి జయన్న కూడా పోయినాడు. జయన్న మొన్న తిరిగొచ్చినాడు, ఆయప్ప రాలేదు. ఆడ జరమొచ్చి సచ్చిపోయినాడంట. జయన్నే మన్ను పోసినాడంట." ఆమె ఏడవలేదు. ఏడుపంతా ముందే అయిపోయినట్టుంది. "నేనైతే కండ్లు మూసుకుంటే సూస్తాను. ఇది సూడల్యా. సంచి భుజానేసుకోని ఎవురొచ్చినా నాయనా అని ఎదురు పోతాది. జయన్న వస్తే ఆయన కాళ్లు సుట్టుకొనింది. ఆ పొద్దే అనుకుంటి, దీనికి మొగం సూపియ్యల్లని."

మిల్లు కచేరీకి పోయి, గుమాస్తాను బతిమాలి, గోడ మీది ఫోటో చూసిందట. చివరన ఉన్నాడట. మొహం మాత్రం అలుక్కుపోయి ఉందట.

"గుమాస్తప్ప సెప్పినాడు, ఆ పొద్దు నువ్వు ఇంగోటి గూడా తీసినావంట. దాంట్లో అందరూ బాగ వచ్చినారంట. అది సూపించప్పా నా బిడ్డకు. మళ్లీ నీకే ఇచ్చేస్తా."

మల్లికార్జునయ్య నేలవైపు చూస్తూ నిల్చున్నాడు. "అది లేదమ్మా. తుడిసేసినాము" అన్నాడు.

"తుడిస్తే అంతా పోతాదా?"

"పోతాది."

"కొంచెం గూడా ఉండదా?"

ఆయన బదులు నేనే "ఉండదమ్మా" అన్నాను. మొన్న మొన్నటిదాకా గళ్ల దుప్పటి గురించి ఆయన్ను ఆట పట్టించినవాణ్ణి, ఆ వేళ అంచు అంటే ఏమిటో నాకు అర్థమైంది.

"మెడలో తాయెత్తు ఉండె" అన్నాడు మల్లికార్జునయ్య ఉన్నట్టుండి.

ఆమె ఉలిక్కిపడింది. "అవు. నేను కట్టిందే. నీకెట్ల గుర్తుండాది? మొగం గూడా గుర్తుండాదా?"

"తాయెత్తే గుర్తుండాదమ్మా. మొగం లేదు. నేను అద్దం ఎట్లుందో సూసుకుంటి గానీ మనిషిని సూడల్యా" అన్నాడు ఆయన. ఆ మాట ఆమె మొహంలోకి చూసి చెప్పాడు.

మరుసటి రోజే ఆయన పనిలోకి దిగాడు. బంగారంలా దాచుకున్న ప్లేట్లలోంచి ఒకటి తీశాడు. మిల్లు ఫోటో ప్లేటు ఆయన దగ్గరే ఉంది కాబట్టి, దాన్ని అచ్చు తీసి, చివరన ఉన్న చింతగింజంత మొహాన్ని జర్మనీ లెన్సుతో పెద్దది చేసి తీశాడు. కొత్త లెన్సులో ఏ లోపమూ లేదు. మసకను మసకగానే, ఎంతో స్పష్టంగా చూపింది. నుదురు ఎక్కడ ముగిసి జుట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. కళ్లున్న చోట రెండు నీడలు. నోరు లేనే లేదు.

అప్పుడు ఆ ప్లేటు మీదే గీయడానికి పెన్సిలు తీశాడు. మొహాల మీద మచ్చలు, ముడతలు పెన్సిలుతో పూడ్చడంలో ఆయనది చక్కని చెయ్యి. గుంపు ఫోటోల్లో చిన్న మొహాల మీద పెన్సిలు నిలవదు గానీ, ఇంత పెద్దది చేశాక నిలుస్తుంది. హులిగమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతూ గీయడం మొదలుపెట్టాడు. మిల్లుకు సెలవున్న పూటల్లా ఆమె వచ్చేది. బిడ్డ నా అంగడిలో చెక్క పేళ్లతో ఆడుకునేది.

"ముక్కు ఇట్లనా?"

"అంత పొడుగు గాదప్పా. కొన కాడ కొంచెం లావు."

"కండ్లు?"

"లోపలికి ఉంటాయి. నవ్వితే మూసుకపోతాయి."

"పెదవి?"

ఆమె చాలాసేపు ఆలోచించేది. చేత్తో గాలిలో చూపేది. ఆయన గీసి, అచ్చు తీసి చూపితే, అవునూ అనలేక, కాదూ అనలేక, "అట్లనే... గానీ అట్ల గాదు" అనేది. ఆయన చెరిపి మళ్లీ గీసేవాడు. నల్లగుడ్డ లేకుండా ఒక మనిషి మొహంలోకి అన్నాళ్లు చూస్తూ కూర్చోవడం ఆయన జీవితంలో అదే మొదలేమో. కసురుకోవడం పోయింది. తిండి వేళ తప్పింది. "అన్నా, నువ్వు బ్రహ్మ పని చేస్తాండావు, కొంచెం ఆరోగ్యం సూసుకో" అన్నాను నేను. ఆయన ఆ మాట కూడా వినిపించుకోలేదు.

మెల్లగా నీడల్లోంచి ఒక మనిషి బయటికి వచ్చాడు. లోపలికి ఉన్న కళ్లు, కొనలావు ముక్కు, నవ్వబోయే నోరు. మెడలో తాయెత్తు. నేను చూసి నిజంగా ఆశ్చర్యపోయాను. ప్రాణమున్న మనిషిలా ఉన్నాడు.

ఆ సాయంత్రం హులిగమ్మ వచ్చింది. మల్లికార్జునయ్య అచ్చు తీసిన కాగితాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె చూస్తూ ఉంది. ఇంతలో బిడ్డ చెక్క పేళ్లు పారేసి పరుగున వచ్చి, అమ్మ చేతిలోని కాగితం మీద వేలు పెట్టి, "నాయన!" అంది.

హులిగమ్మ చటుక్కున కాగితాన్ని బోర్లించింది.

"ఏమమ్మా?" అన్నాడు మల్లికార్జునయ్య.

"ఈయప్ప ఎవురో నాకు తెలీదప్పా." అంది హులిగమ్మ. "మంచిగ గీసినావు. నేను సెప్పినట్లే గీసినావు. గానీ ఆయప్ప గాదు. నా బిడ్డ ఎవుర్నో నాయన అనింది."

"మళ్లీ గీస్తానమ్మా. యాడ తప్పు పోయినాదో సెప్పు."

"సెప్పలేను. అదే నా బయం." ఆమె తల పట్టుకుంది. "ఈడికి రాకముందు కండ్లు మూసుకుంటే ఆ మనిషి కనపడ్తాండె. బాయి కాడ నీళ్లు పోసుకునేది, సద్ది తినేది, అన్నీ కనపడ్తాండె. నువ్వు ముక్కు గీసినాక ఆ ముక్కే కనపడ్తాంది. కండ్లు గీసినాక ఆ కండ్లే. ఇప్పుడు కండ్లు మూసుకుంటే నువ్వు గీసినోడే వస్తాండాడు. ఆయప్ప రావడంల్యా. ఇంగ గీయొద్దప్పా, నీకు దండం పెడ్తా. నా కాడ ఉండే కొంచెం గూడా పోతాది."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మల్లికార్జునయ్య ఆ కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ప్లేటు తీసుకుని పెరట్లోకి పోయాడు. వేడినీళ్లు కాచాడు, సోడా వేశాడు. ఈసారి చూసి పోవడానికి గుమాస్తా ఎవరూ లేరు. తను గీసిన మొహాన్ని తనే గీకేసి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయన మొహం చూడాలంటే నాకు భయమేసింది.

హులిగమ్మ పోతుందనుకున్నాను. పోలేదు. బిడ్డను కాళ్ల దగ్గర నిలబెట్టుకుని, కెమెరా వైపు చూస్తూ ఉంది.

"అప్పా, ఆ కొత్త అద్దం ఇంగా ఉండాదా నీ కాడ?"

"ఉండాది."

"దాంతో తీస్తే అంతా కనపడ్తాదా? మొగం మీద గీతలు, మచ్చలు, అన్నీ?"

"అన్నీ కనపడ్తాయి."

"అట్లయితే నన్ను తియ్యి" అంది. "కరువు దినాలు. నేను రేపుంటానో లేదో. ఇది పెద్దదయ్యి, నన్ను గూడా ఇట్ల ఎతుక్కుంటా తిరగకూడదు. ఒగరు పోయింది సాలు."

మల్లికార్జునయ్య నల్లకాగితం విప్పి ఒక ప్లేటు తీశాడు. కెమెరాకు జర్మనీ లెన్సు బిగించాడు. ఆ పొద్దు వెలుతురు ఇంకా బాగానే ఉంది. స్టూడియోలో గోడకు కొండలూ తోటలూ రాసిన తెర ఒకటి వేలాడుతుండేది. హులిగమ్మ పోయి ఆ తెర చివరన, గోడకు ఆనుకున్నట్టు నిల్చుంది. చేతులు ముడుచుకుని, ఇంకెవరో నడుమకు రావలసి ఉందన్నట్టు పక్కకు జరిగి నిల్చుంది.

"ఆడెందుకమ్మా, నడుమకు రా."

"ఈడ సాల్లేప్పా."

"ఈ అద్దానికి యాడ నిలబడినా ఒకటే. అయినా నడుమకు రామ్మా" అన్నాడు.

ఆమె వచ్చింది. అడుగు అడుగుకూ తెరవైపు చూసుకుంటూ వచ్చింది.

"బిడ్డను ఎత్తుకో. ఇద్దరికీ కలిపి తీస్తా."

"వద్దప్పా. దాన్ని నిలబెట్టొద్దు" అంది హులిగమ్మ. "సూడల్సింది అదే గదా. సూసేదాన్ని పటంలో పెడితే ఎట్ల?"

బిడ్డను నేను తీసుకుని కెమెరా పక్కన నిలబెట్టాను. అది నా పంచె పట్టుకుని అమ్మ వైపు చూస్తూ నిల్చుంది. మల్లికార్జునయ్య నల్లగుడ్డలోకి తల దూర్చి చాలాసేపు చూశాడు. బయటికి వచ్చి, ప్లేటు బిగించి, లెన్సు మూత మీద చెయ్యి పెట్టాడు.

"ఒగ మాటప్పా. నా మొగం మీద పెన్సిలు పెట్టొద్దు" అంది.

"పెట్టనమ్మా. ఇట్ల సూడు, అద్దంలోకి సూడు. కదలొద్దు."

ఆమె అద్దంలోకి చూడలేదు. బిడ్డ వైపు చూసింది. పెద్దయ్యాక అది ఏమేం అడుగుతుందో, వాటన్నిటికీ అప్పుడే జవాబు చెబుతున్నట్టు చూసింది. మూత తీయబోయిన మల్లికార్జునయ్య ఒక్క క్షణం ఆగాడు. ఎవరైనా చూపు తప్పితే కసిరి సరిచేసే మనిషి. ఆమెను మాత్రం సరిచేయలేదు. మెల్లగా మూత తీసి, నోట్లో ఏదో లెక్కపెట్టుకుని, మూత పెట్టేశాడు.

ఆ ఫోటోకు చట్రం నేనే కట్టాను. అందులో హులిగమ్మ నుదుటి మీది గీతలు, చెవికి పుల్ల పెట్టుకున్న కంత, చీరకు వేసిన అతుకు, అతుకు కుట్టిన దారం అన్నీ కనబడతాయి. పటం ముందు పెద్దవాళ్లు నిల్చుంటే ఆమె వాళ్లను చూడదు. కాస్త పక్కకు, కాస్త కిందకు, ఒక మూడేళ్ల బిడ్డ నిల్చునేంత ఎత్తులో చూస్తూ ఉంటుంది.